9.9 హెచ్‌పీ రెండు స్ట్రోకుల మోటారు, లోడు పడగానే సగానికి పడిపోతోంది. ప్లగ్గులకి రవ్వ పంపే సీడీఐ పెట్టె మార్చమంటున్నారు, మార్చాలా?

ఉప్పాడ_ఫైబర్
28 అడుగుల ఫైబర్ తెప్ప, 9.9 హెచ్‌పీ రెండు స్ట్రోకుల మోటారు, రెండు సిలిండర్లు, 20 అంగుళాల షాఫ్టు. ఒడ్డున ఒకటో రెండో లాగుళ్లకే అందుకుంటుంది. న్యూట్రల్‌లో రేసు ఇస్తే గయ్యిమంటుంది. గేరు వేసి పూర్తి రేసులో పది నిమిషాలు పోయాక గొంతు మారి, తడబడి, సగానికి పడిపోతుంది. రేసు తగ్గించి కాసేపు నిదానంగా పోనిస్తే కోలుకుంటుంది. రేసు పెంచితే మళ్లీ అదే తంతు. ప్లగ్గులు కొత్తవి. కార్బొరేటర్ విప్పి కడిగారు. ఇప్పుడు సీడీఐ పోయిందంటున్నారు. ఇంజను చల్లబరిచే నీళ్ల ధార బాగానే కొడుతోంది. కొనేముందు ఇక్కడ అడుగుదామని.

వలకట్టు
కొనకు. ఆగు.

రవ్వ_కిట్టు
ఆయిలు తక్కువై ఉంటుంది. లీటరు పెట్రోలుకి 40 మి.లీ. వేసి చూడు, బలం వస్తుంది.

కార్బన్_కాకా
న్యూట్రల్‌లో గయ్యిమనడం దేనికీ సాక్ష్యం కాదు. లోడు లేనప్పుడు ఇంజను తాగే పెట్రోలు చాలా కొంచెం, సగం మూసుకుపోయిన పైపు కూడా ఆ కాస్తా ఇస్తుంది. న్యూట్రల్‌లో అలా గట్టిగా రేసు ఇవ్వడం మానెయ్, బేరింగులకి మంచిది కాదు.

నువ్వు చెప్పినదాంట్లో అసలు ఆనవాలు "నిదానంగా పోనిస్తే కోలుకుంటుంది" అన్నది. పూర్తి రేసులో కార్బొరేటర్ గిన్నెలోంచి పోయేది ఎక్కువ, వచ్చేది తక్కువ. గిన్నె ఖాళీ అవుతుంది, ఇంజను పడిపోతుంది. రేసు తగ్గిస్తే గిన్నె మళ్లీ నిండుతుంది. మంట (ప్లగ్గు రవ్వ) లోపమైతే ఇంత క్రమంగా ఉండదు.

ఇప్పుడు చేయాల్సింది, ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు హ్యాండిలు పట్టుకుని పూర్తి రేసులో పోనివ్వాలి. రెండోవారు ట్యాంకు పైపు మధ్యనున్న రబ్బరు బల్బు మీద చెయ్యి వేసి ఉంచాలి. ఇంజను తడబడడం మొదలవగానే బల్బు ఎలా ఉందో ముందు చూడు, తరువాత గబగబా నొక్కు.
బల్బు రెండు పక్కలూ అతుక్కుపోయి చప్పగా ఉంటే అడ్డం ట్యాంకు వైపు ఉంది.
బల్బు గుండ్రంగానే ఉండి, నొక్కితే మెత్తగా ఉండి, నొక్కగానే ఇంజను లేస్తే పెట్రోలు పంపు బలహీనం, లేదా ఎక్కడో గాలి పీలుస్తోంది.
నొక్కినా ఏ మార్పూ లేకపోతే అప్పుడు మాట్లాడదాం సీడీఐ గురించి.

సరంగు_పూడిమడక
కాకా చెప్పింది సగమే ఒప్పుకుంటాను. కాయిలు వేడెక్కాక తెగిపోవడం కూడా పది నిమిషాలకే వస్తుంది. చల్లగా ఉన్నప్పుడు రవ్వ బ్రహ్మాండంగా కొడుతుంది, వేడెక్కితే లోపలి తీగ విడిపోతుంది. మంటని అంత తేలిగ్గా వదిలెయ్యకండి.

కార్బన్_కాకా
@సరంగు_పూడిమడక నిజమే, కానీ వేడికి పోయిన కాయిలు రేసు తగ్గించిన రెండు నిమిషాల్లో తిరిగి రాదు. మోటారు ఆపి, మూత తీసి, చల్లారనిస్తే తప్ప రాదు. పైగా కాయిలు పోతే టక్కున పోతుంది, మెల్లగా దిగదు. ఇతనిది మెల్లగా దిగుతోంది.

సరంగు_పూడిమడక
అదీ నిజమే. అయినా బల్బుతో తేలకపోతే రవ్వ చూడాల్సిందే. రవ్వ చూసేటప్పుడు ప్లగ్గుని బాడీకి ఆనించి చూస్తే సరిపోదు, బలహీనమైన రవ్వ కూడా అక్కడ కనపడుతుంది. ఖాళీ సర్దుకునే టెస్టరు పెట్టి 8, 9 మిల్లీమీటర్లు దూకుతోందా లేదా చూడాలి. టెస్టరు లేకుండా ప్లగ్గు వైరు గాల్లో వదిలి తాడు లాగకూడదు. రవ్వ పోవడానికి దారి లేక నిజంగానే సీడీఐ కాలుతుంది.

వలకట్టు
అప్పుడు మెకానిక్ మాట నెగ్గినట్టే 😄

టాంపా_తెలుగు
ఇక్కడ ఇలాంటి కేసుల్లో మొదట చూసేది ట్యాంకు దగ్గరి యాంటీ సైఫన్ వాల్వు, తరువాత ఆవిరి వేరుచేసే ట్యాంకు అడుగున ఉండే సన్న జల్లెడ. రెండిట్లో ఏది మూసుకున్నా ఇవే లక్షణాలు.

వలకట్టు
బాబూ, ఇతనిది 25 లీటర్ల డబ్బా, ఒక పైపు, ఒక బల్బు. నువ్వు చెప్పిన సామాను బోటు మొత్తం వెతికినా దొరకదు.

టాంపా_తెలుగు
సరే, ఆ రెండూ వదిలేయండి. మూడోది మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే: పైపు లోపలి పొర. ఇథనాల్ కలిసిన పెట్రోలుకి పాత పైపు లోపలి పొర ఊడి, పీలుపుకి తలుపులా మూసుకుంటుంది. పీలుపు తగ్గగానే తెరుచుకుంటుంది. బయటికి పైపు కొత్తదానిలా ఉంటుంది. ఊది చూస్తే గాలి సాఫీగా పోతుంది, ఎందుకంటే ఊదేటప్పుడు పొర గోడకి అతుక్కుంటుంది. ఇంజను వైపు నుంచి పీల్చి చూడాలి, నోటితో కాదు, సిరంజితో.

కార్బన్_కాకా
టాంపా చెప్పిన ఈ మూడోది బంగారం. ఇప్పుడు మన బంకుల్లో దొరికేది దాదాపు అంతా 20 శాతం ఇథనాల్ ఉన్నదే. చాలా మోటార్ల మాన్యువళ్లలో 10 శాతం దాటొద్దని ఉంటుంది. పైపు, పంపు పొర, ఓ రింగులు (సందు మూసే రబ్బరు వలయాలు) మూడూ దెబ్బతింటాయి.

సాగర్_లాంచీ
నీళ్ల ధార మంచిగనే ఉందంటున్నవ్ గాని, చెయ్యి పెట్టి జూశినవా? వేడి నీళ్లు వస్తున్నయా, గోరువెచ్చగనా? నీళ్లు తోడే ఇంపెల్లర్ రెక్కలు అరిగితే తక్కువ రేసుల ధార మంచిగ కనవడ్తది, రేసు పెంచితే చాలదు. మా దగ్గర ఇసుక, ఒండ్రు ఎక్కువ, ఏడాదికొకసారి మార్చుడే. ఇంజను వేడెక్కి గూడ బిగిసినట్టయి దిగుతది.

ఉప్పాడ_ఫైబర్
@సాగర్_లాంచీ గోరువెచ్చగానే ఉన్నాయి. హెడ్డు మీద చెయ్యి ఆన్చి ఉంచగలుగుతున్నాను.
బల్బు పరీక్ష రేపు చేసి చెప్తాను.

అంతర్వేది_అమరం
ఎవరూ అడగట్లేదు. ఫ్యాను (నీళ్లలో తిరిగే రెక్కల చక్రం) తీసి చూశారా అండి? షాఫ్టుకి నైలాన్ తాడు చుట్టుకుంటే కూడా లాగుడు పడిపోతుందండి. ఆ తాడు వేడికి కరిగి, సీలు కోసేస్తుంది. తరువాత గేరు ఆయిల్లో ఉప్పునీళ్లు. కింది స్క్రూ కాస్త వదులు చేసి నాలుగు చుక్కలు వేలి మీద పట్టి చూడండి. పాలు కలిపిన కాఫీ రంగుంటే సీలు పోయినట్టే.

ఉప్పాడ_ఫైబర్
బల్బు పరీక్ష అయింది. పడిపోయేటప్పుడు బల్బు చప్పగా అతుక్కుపోయింది. నొక్కలేకపోయాం, లోపల ఏమీ లేదు. ట్యాంకు మూత మీది గాలి స్క్రూ పూర్తిగా వదులు చేశాం, అదే పరిస్థితి. మూతే తీసేసినా అంతే.
ఫ్యాను తీశాం. తాడు లేదు. గేరు ఆయిలు నల్లగా ఉంది గాని తెల్లబడలేదు.

వలకట్టు
సీడీఐ డబ్బులు మిగిలాయి. టీ ఇప్పించాలి.

కార్బన్_కాకా
మూత తీసినా మారలేదంటే గాలి స్క్రూ తప్పు కాదు. ట్యాంకులోంచి బల్బు దాకా ఉన్న దారిలో మూడే చోట్లు: ట్యాంకు లోపల గొట్టం చివరి జల్లెడ, ట్యాంకు దగ్గరి కనెక్టరు, అక్కడి నుంచి బల్బు వరకు పైపు ముక్క.

ముందు జల్లెడ. ట్యాంకు పైనున్న స్క్రూలు విప్పి గొట్టం పైకి లాగు. జల్లెడ మీద జిగురులాంటి గోధుమరంగు బంక ఉంటే అది ఆయిలు, నీళ్లు, ఇథనాల్ కలిసిన మడ్డి. పెట్రోల్లో మెత్తటి బ్రష్షుతో కడుగు, గట్టిగా రుద్దితే జల్లెడ చిరుగుతుంది.
ట్యాంకు అడుగు పెట్రోలు ఒక గాజు సీసాలోకి తీసి అరగంట కదపకుండా ఉంచు. కింద వేరే రంగు పొర కనపడితే నీళ్లు చేరాయి. ఇథనాల్ నీళ్లతో కలిసి కిందికి దిగిపోతుంది, ఆ పొరలో ఆయిలు ఉండదు. ఇంజను ఆ పొర తాగితే పిస్టను ఎండిపోయి పట్టేస్తుంది. అది కనపడితే ఆ ట్యాంకు మొత్తం పారబోయడమే, వడగట్టి వాడొద్దు.

రవ్వ_కిట్టు
నా ఆయిలు సలహా ఎవరూ పట్టించుకోలేదు 😒 మా ఊళ్లో అందరూ లీటరుకి 40 వేస్తారు.

సరంగు_పూడిమడక
పట్టించుకోకపోవడమే మేలయింది కిట్టూ. కార్బొరేటర్ జెట్టు లోంచి పోయే ద్రవం కొలత మారదు. అందులో ఆయిలు పెరిగితే పెట్రోలు తగ్గినట్టే, మిశ్రమం పలచబడుతుంది. బలం పెరగదు. పైగా ప్లగ్గులు తడుస్తాయి, రింగులకి, సైలెన్సరు దారికి మసి పడుతుంది. 50 కి 1 అంటే లీటరుకి 20 మి.లీ. కొత్త మోటారు మొదటి పది గంటలు మాత్రం 25 కి 1, అంటే 40. మీ ఊళ్లో అందరూ ఆ మొదటి పది గంటల్లోనే ఉండిపోయారేమో.
ఆయిలు టీసీ-డబ్ల్యూ3 అని డబ్బా మీద ఉండాలి. బండి 2టీ ఆయిలు గాలితో చల్లబడే ఇంజన్ల కోసం. అందులో బూడిద మిగిల్చే మందులుంటాయి, నీటితో చల్లబడే మోటారులో అది ప్లగ్గు కొన మీద, పిస్టను నెత్తిన పేరుకుంటుంది.

రవ్వ_కిట్టు
సరే ఒప్పుకున్నాను. కిరసనాయిలు కాస్త కలిపితే?

సరంగు_పూడిమడక
కిట్టూ!!
కిరసనాయిలు మోటార్లు వేరుగా ఉంటాయి. వాటికి కంప్రెషన్ తక్కువ, కార్బొరేటర్ వేరు, స్టార్టు చేసేది పెట్రోలుతోనే. పెట్రోలు మోటారులో కలిపితే లోడు మీద టకటక కొట్టుకుని పిస్టను నెత్తిన చిల్లు పడుతుంది.

ఉప్పాడ_ఫైబర్
జల్లెడ మీద బంక ఉంది, గోధుమరంగే. సీసాలో అడుగున వేలి మందం వేరే పొర దిగింది. ట్యాంకు పారబోసి, ఎండబెట్టి, కొత్త పెట్రోలు కలిపాం. ఇప్పుడు బల్బు అతుక్కుపోవట్లేదు. పది నిమిషాలు కాదు, అరగంట పోయింది. కానీ అరగంట తరువాత మెల్లగా దిగుతోంది. ఈసారి బల్బు గుండ్రంగా, మెత్తగా ఉంది. నొక్కితే లేస్తోంది, వదిలితే దిగుతోంది.

వలకట్టు
ఒకటి పోయి ఇంకొకటి.

కార్బన్_కాకా
ఇంకొకటి కాదు, మొదటినుంచీ ఉన్నదే. పెద్దది వెనకాల చిన్నది దాక్కుంది.

ఇప్పుడు గాలి పీలుపా, పంపా తేల్చాలి. మెడికల్ షాపులో సెలైన్ పైపు కాదు, హార్డువేరు షాపులో పెట్రోలుకి ఆగే పారదర్శకపు పైపు అడుగు, ఒక అడుగు చాలు. మోటారు లోపల చిన్న ఫిల్టరుకీ పంపుకీ మధ్యనున్న రబ్బరు ముక్క తీసి ఇది పెట్టు. పూర్తి రేసులో పోనిచ్చి చూడు. బుడగలు వరసగా పోతుంటే పంపుకి ముందే ఎక్కడో గాలి పీలుస్తోంది. బుడగ ఒక్కటీ లేకుండా నిండుగా ఉండి కూడా ఇంజను దిగుతుంటే పంపు పొర. చూడడం అయ్యాక ఆ పైపు తీసెయ్, వేడికి గట్టిపడి పగులుతుంది. మూత తీసి నడిపేటప్పుడు తిరిగే చక్రానికి చొక్కా, తువ్వాలు దూరంగా.

టాంపా_తెలుగు
గాలి పీల్చే చోటు నుంచి పెట్రోలు కారాలని లేదు. ఆపినప్పుడు పొడిగానే ఉంటుంది. ఎక్కువసార్లు దోషి మోటారు వైపు కనెక్టరు లోపలి ఓ రింగు.

అంతర్వేది_అమరం
బల్బుకి రెండు పక్కలా తీగ చుట్టి బిగించారా, క్లిప్పులున్నాయా అండి? తీగ ఒకచోట కోసుకుపోయి సందు ఇస్తుంది. స్టీలు క్లిప్పులు వేయండి. బల్బు మీది బాణం గుర్తు మోటారు వైపు చూడాలి. మొదట పెట్రోలు ఎక్కించేటప్పుడు బాణం ఆకాశం వైపు నిలువుగా పట్టుకుని నొక్కితే లోపలి కవాటాలు సరిగ్గా పనిచేస్తాయండి.

ఉప్పాడ_ఫైబర్
బుడగలే. వరసగా. కనెక్టరు లోపలి ఓ రింగు వేలితో తీయబోతే ముక్కలైంది. ఓ రింగులు మార్చాం, క్లిప్పులు వేశాం, పైపు కూడా మొత్తం కొత్తది. ఇప్పుడు గంట పోయినా దిగడం లేదు.

వలకట్టు
థ్రెడ్డు మూసెయ్యండి.

ఉప్పాడ_ఫైబర్
మూయకండి. దిగడం లేదు గాని, వలలు, ఐసు, నలుగురు మనుషులతో వేగం పాత వేగం కాదు. ప్లగ్గు వైరుకి చుట్టే చిన్న మీటరు తెచ్చి చూస్తే పూర్తి రేసులో నిమిషానికి 8,300 తిరుగుళ్లు చూపిస్తోంది. అంత తిరగడం జరిగే పని కాదు కదా?

సరంగు_పూడిమడక
మీటరు సెట్టింగు. ఈ రెండు సిలిండర్ల మోటార్లలో చాలావాటికి ఒక తిరుగుడుకి రెండుసార్లు రవ్వ పడుతుంది. మీటరు ఒక రవ్వకి ఒక తిరుగుడు అనుకుంటోంది. సెట్టింగు మారిస్తే 4,150 దగ్గర చూపిస్తుంది. అదే తక్కువ. ఈ తరగతి మోటార్లు పూర్తి రేసులో 4,500 నుంచి 5,500 మధ్య తిరగాలి.

కార్బన్_కాకా
4,150 అంటే ఇంజను మీద మోయలేనంత లోడు ఉంది, లేదా ఇంజను తన బలం ఇవ్వట్లేదు. రెండూ తేల్చే క్రమం:

మొదట మోటారు ఆపి హ్యాండిలు పూర్తిగా తిప్పి, మూత తీసి కార్బొరేటర్ నోట్లో చూడు. లోపలి పలక పూర్తిగా తెరుచుకుందా? కేబులు సాగితే హ్యాండిలు చివరికి వచ్చినా పలక ముప్పావే తెరుస్తుంది.

తరువాత కంప్రెషన్. ఇంజను వేడిగా ఉండగా రెండు ప్లగ్గులూ తీసి, రంధ్రంలో కంప్రెషన్ (సిలిండర్లో ఒత్తిడి) కొలిచే మీటరు బిగించి, వైర్లు రెండూ బాడీకి కలిపి, ఆపే తాడు పీకి, రేసు పూర్తిగా తెరిచి, ముల్లు ఆగేదాకా ఐదారు సార్లు లాగు. అంకె ఎంతన్నది మీటరుని బట్టి మారుతుంది. రెండు సిలిండర్ల మధ్య తేడా 10 శాతం దాటకూడదు. పెట్రోలు పంపు ఒక సిలిండరు క్రాంకు గది పీడనపు ఊపుతోనే కొట్టుకుంటుంది కాబట్టి ఆ సిలిండరు చచ్చుబడితే పంపు కూడా చచ్చుబడుతుంది.

ప్లగ్గుల మీద అంకె కూడా చూడు. ఈ సైజువాటిలో చాలావాటికి ఎన్‌జీకే బీ7హెచ్‌ఎస్‌-10, ఖాళీ 1 మిల్లీమీటరు. ఆ కంపెనీలో అంకె పెరిగితే ప్లగ్గు చల్లనిది, తగ్గితే వేడిది. షాపువాడు "ఇదీ అదే" అని 5 ఇస్తే తీసుకోవద్దు.

ఇవన్నీ సరిగ్గా ఉంటే ఫ్యాను.

ఉప్పాడ_ఫైబర్
పలక పూర్తిగా తెరుచుకుంటోంది. కంప్రెషన్ 112, 108. ప్లగ్గులు బీ7హెచ్‌ఎస్‌-10 రకమే. ఫ్యాను మాత్రం పాతది రాయికి తగిలి రెక్క విరిగితే షాపులో ఉన్నది వేయించాం. దాని మీద 9¼ × 10½ అని ఉంది.

సాగర్_లాంచీ
గదే! 10½ తేలిక బోటుకు పెడ్తరు. గింత సరుకుతోని గది మొయ్యదు.

కార్బన్_కాకా
మొదటి అంకె ఫ్యాను వెడల్పు, రెండోది పిచ్చు, అంటే ఒక తిరుగుడుకి జారుడు లేకపోతే ముందుకు పోయే దూరం అంగుళాల్లో. పిచ్చు ఒక అంగుళం తగ్గిస్తే పూర్తి రేసులో సుమారు 150 నుంచి 200 తిరుగుళ్లు పెరుగుతాయి. 10½ నుంచి 8 కి దిగితే నీకు 4,500 పైకి రావాలి.

ఇలా 4,150 దగ్గరే లాగిస్తూ పోతే నష్టం వేగంలో కాదు. రేసు పూర్తిగా తెరిచి, తిరుగుళ్లు తక్కువ ఉంటే సిలిండర్లో వేడి పెరుగుతుంది, మసి పేరుకుంటుంది, రింగులు పట్టేస్తాయి. మనిషికి వినపడేది మాత్రం "సాఫీగా నడుస్తోంది" అనే.

సరంగు_పూడిమడక
కొనేముందు ఎవరి దగ్గరైనా 8 తెచ్చి ఒక పూట వేసి చూడు. ఈలోగా ఇంకో రెండు చూసుకో. బోటు అడుగుకీ, ఫ్యాను పైనున్న అడ్డ పలకకీ మధ్య కర్ర పెట్టి చూడు: ఆ పలక అడుగుతో సమానంగా గాని, ఒక అంగుళం కిందకి గాని ఉండాలి. పైకి ఉంటే అలల్లో ఫ్యాను గాలి పీల్చి ఇంజను గయ్యిమంటుంది, బోటు కదలదు. మరీ కిందకి ఉంటే గేరు పెట్టె నీళ్లని ఈడ్చుకుపోతుంది. రెండోది అడుగున అతుక్కున్న సముద్రపు గుల్ల. ఒడ్డుకి లాగినప్పుడు గీకించారా?

అంతర్వేది_అమరం
అమరం (బోటు వెనక కొస) దగ్గర ఫైబరు రెండు పొరల మధ్య నీళ్లు చేరాయేమో కూడా అండి. సుత్తి పిడితో కొట్టుకుంటూ పోతే ఖంగుమనే చోట బాగుంది, దబ్బుమనే చోట తడి. లీటరు నీళ్లు కిలో బరువు, వంద లీటర్లు చేరితే ఇద్దరు మనుషుల్ని అదనంగా మోస్తున్నట్టే.

రవ్వ_కిట్టు
ఫ్యాను లోపలి రబ్బరు జారినా ఇలాగే కదా? ఈసారైనా తిట్టకండి.

కార్బన్_కాకా
ఈసారి మంచి ప్రశ్న. అది జారితే తిరుగుళ్లు పెరుగుతాయి, వేగం తగ్గుతుంది. ఇతనికి తిరుగుళ్లే తక్కువ. అయినా ఖర్చులేని పరీక్ష: ఫ్యాను మధ్యలో లోపలి ఇత్తడి గొట్టం మీదుగా బయటి అల్యూమినియం దాకా పెయింటుతో ఒక గీత గీయి. పూర్తి లోడుతో తిరిగి వచ్చాక గీత విరిగితే రబ్బరు జారింది.

ఉప్పాడ_ఫైబర్
పక్క బోటువాళ్ల దగ్గర 9¼ × 8 తెచ్చి వేశాం. అడుగు గీకించాం, గుల్ల బాగానే ఊడింది. అడ్డ పలక అడుగుకి అర అంగుళం కింద ఉంది. గీత విరగలేదు. నలుగురు, ఐసు, వలలతో పూర్తి రేసులో 4,650. గాలికి ఎదురు పోయినా 4,500 కి దిగలేదు. ఖాళీగా వచ్చేటప్పుడు 5,200. వేగం వెనకటిలాగే ఉంది.

సరంగు_పూడిమడక
ఖాళీగా 5,500 దాటనంతవరకు ఆ ఫ్యానే ఉంచు. ఫ్యాను వేసేటప్పుడు షాఫ్టు పళ్లకి నీటికి ఆగే గ్రీజు రాయి, లేకపోతే ఉప్పుకి పట్టేసి వచ్చే ఏడు సుత్తి కావాలి. పిన్ను పాతది వంచి మళ్లీ వేయొద్దు, కొత్తది స్టీలుది. గేరు ఆయిలు నల్లగా ఉందన్నావు, అది కూడా ఇప్పుడే మార్చెయ్. 90 నంబరు గేరు ఆయిలు, కింది రంధ్రం నుంచి ఎక్కిస్తూ పై రంధ్రంలోంచి కారేదాకా. పై స్క్రూ ముందు బిగించి, తరువాత ట్యూబు తీసి కిందిది. వాషర్లు కొత్తవి.

వలకట్టు
ఇక 10½ ఏం చేస్తావ్? లంగరు కట్టుకుంటావా?

సాగర్_లాంచీ
నాకియ్యి. మాది తేలిక బోటు, ఇద్దరమే తిరుగుతం, 8 తోని రేసు ఎక్కువైతున్నది.

కార్బన్_కాకా
ఇచ్చేముందు ఇద్దరూ షాఫ్టు పళ్లు లెక్కపెట్టి ఫొటోలు పెట్టండి. వెడల్పు, పిచ్చు ఒకటే అయినా పళ్లు కలవకపోతే ఎక్కదు. సాగర్, నీ మోటారు ఖాళీగా పూర్తి రేసులో ఎంత తిరుగుతోందో కూడా రాయి.

సాగర్_లాంచీ
మీటరు లేదన్నా. తెప్పిస్త.